క్లయింటు గాయం, కౌన్సెలర్ గాయం ఒకటే అయినప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న — ఉద్దానం కౌన్సెలర్

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. పుట్టి పెరిగింది కూడా ఇక్కడే. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మూత్రపిండాల జబ్బుతో బాధపడేవారు, వారి భార్యలు, కొడుకులు, కూతుళ్లు. మరికొందరు 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు పోగొట్టుకుని, నాటి అప్పుల నుంచి ఇప్పటికీ తేరుకోనివారు. చాలా ఇళ్లలో ఈ రెండు కష్టాలూ ఒకే కప్పు కింద ఉన్నాయి. మా ఇల్లు కూడా అలాంటిదే. మా నాన్నగారు డయాలిసిస్ మీద ఉన్నారు. మా తోట తిత్లీలో నేలమట్టమైంది.

థెరపిస్టులు తమను తాము ఎలా కాపాడుకోవాలో చెప్పే శిక్షణలన్నీ ఒక నమ్మకం మీద నిలబడి ఉంటాయి. గాయం క్లయింటుది, వినేవారు ఆ గాయానికి బయట ఉన్నవారు, సాయంత్రం గది తలుపు వేసుకుని వెళ్లిపోతే వారికి వేరే లోకం ఉంటుంది అన్నదే ఆ నమ్మకం. నాకు ఆ వేరే లోకం లేదు. ఉదయం ఒక అమ్మాయి తన తండ్రికి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగిందని, తమ్ముడి చదువు ఆపేయాలేమోనని ఏడుస్తుంది. సాయంత్రం నేను ఇంటికి వెళ్లేసరికి అలాంటి రిపోర్టే మా అమ్మ చేతిలో ఉంటుంది.

కొంతకాలంగా నాలో కొన్ని మార్పులు కనిపిస్తున్నాయి. క్లయింటు చెప్పే మాట చెవిన పడుతోంది కానీ మనసుకు చేరడం లేదు. డయాలిసిస్ కుటుంబం అపాయింట్‌మెంట్ ఉందని తెలిస్తే ముందురోజు రాత్రి నిద్ర పట్టడం లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వింటే క్లయింట్ల కంటే ముందు నాకే గుండెదడ మొదలవుతోంది, ఆ రాత్రంతా కిటికీ తలుపులు సరిచూసుకుంటూనే ఉంటున్నాను. ఊళ్లో అందరికీ మా ఇంటి సంగతి తెలుసు కాబట్టి, సెషన్‌కు వచ్చి కూర్చోగానే చాలామంది 'మీ నాన్నగారికి ఎలాగుందమ్మా?' అని అడుగుతారు. అందులో ఉన్నది ప్రేమే. కానీ ఆ తరువాత తమ బాధ చెప్పడానికి వారు వెనుకాడుతున్నారు. ఈ అమ్మాయికి ఉన్నది చాలదా, మనది కూడా ఎందుకు వేయడం అనుకుంటున్నారని వారి ముఖాలే చెబుతున్నాయి.

యోగా, ధ్యానం, ప్రాణాయామం చేస్తున్నాను. వాటి విలువను తగ్గించి మాట్లాడను. అయితే నా ప్రశ్న అక్కడితో తీరడం లేదు. ఇది బర్నౌటా (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడమా), మరొకటా? డయాలిసిస్ కుటుంబాలను చూడటం మానేయాలా? మానేస్తే ఈ ప్రాంతంలో వారిని ఎవరు చూస్తారు? నా మాట వినడానికి దగ్గరలో సూపర్‌వైజర్, అంటే నా పనిని విని దారి చూపే సీనియర్ థెరపిస్టు, లేనప్పుడు నేను ఎవరితో చెప్పుకోవాలి? ఇలాంటి స్థితిలో పనిచేసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

జవాబు — క్లినికల్ సైకాలజిస్టు, విజయనగరం

ఉద్దానం కౌన్సెలర్ గారికి నమస్కారం. మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీరు మోస్తున్నది ఒక బరువు కాదు, మూడు. మూడూ ఒకే మనిషి మీద పడటం వల్ల ఒకటిగా కనిపిస్తున్నాయి. వాటిని విడదీసి చూడటం ముఖ్యమని నేను అనుకోవడానికి కారణం, ఒక్కోదానికి చేయవలసిన పని వేరు.

మొదటిది బర్నౌట్. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ దీన్ని వర్ణించారు. ఆ తరువాత క్రిస్టినా మాస్లాక్ దీనికి మూడు లక్షణాలు చెప్పారు: భావోద్వేగాలు పూర్తిగా అలసిపోవడం, ఎదుటి మనిషిని మనిషిగా కాక కేసుగా చూడటం, చేసిన పనికి ఫలితం లేదనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ అయిన ఐసీడీ-11లో దీన్ని జబ్బుగా కాక, వృత్తికి సంబంధించిన స్థితిగా నమోదు చేసింది. పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగా సర్దుబాటు చేయకపోవడం వల్ల వచ్చేదని ఆ నిర్వచనంలోనే ఉంది. అంటే దీనికి మందు ప్రధానంగా పని అమరికలో ఉంది. రోజుకు ఎందరిని చూస్తున్నారు, మధ్యలో విరామం ఉందా, రికార్డులు ఎవరు రాస్తున్నారు అన్న ప్రశ్నలను మీరొక్కరే కాక, మీ సంస్థ కూడా వేసుకోవాలి.

రెండోది ఇతరుల గాయాల గురించి పదేపదే వినడం వల్ల కలిగే ఆఘాతం. 1990లో మెక్‌కాన్, పెర్ల్‌మన్ దీని గురించి రాశారు. 1995లో చార్లెస్ ఫిగ్లీ కంపాషన్ ఫెటీగ్ (కరుణ వల్ల వచ్చే అలసట) అనే పేరుతో దీన్ని విస్తృతంగా చర్చకు తెచ్చారు. ఈ పరిశోధనలో ఎక్కువ భాగం మీరు చెప్పిన ఆ నమ్మకం మీదే, అంటే వినేవారు బయటివారే అన్న భావన మీదే సాగింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత న్యూయార్క్‌లో పనిచేసిన థెరపిస్టులు తమ క్లయింట్లతోపాటు తామూ అదే దాడికి గురైనవారు కావడంతో ఆ భావన సరిపోలేదు. కరోల్ టొసోన్ తదితరులు దాన్ని ఉమ్మడి ఆఘాతంగా అధ్యయనం చేశారు. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు ప్రపంచంలో థెరపిస్టులందరూ ఒకేసారి ఆ స్థితిలోకి వెళ్లారు. ఉద్దానంలో మీరు తుఫాను నాటి నుంచి ఆ స్థితిలోనే ఉన్నారు.

మీ విషయంలో ఈ రెండో బరువులో మీ సొంత గాయం కూడా కలిసి ఉంది. తిత్లీ రాత్రి మీరు స్వయంగా అనుభవించినది. అల్పపీడనం వార్తకు గుండెదడ రావడం, రాత్రంతా తలుపులు సరిచూసుకోవడం క్లయింట్ల నుంచి మీకు అంటినవి కావు. అవి మీ సొంత గాయానికి గుర్తులు. దీనికి సెల్ఫ్ కేర్ అన్న మాట చాలా చిన్నది. దీనికి కావలసింది చికిత్స. ఇటువంటి లక్షణాలు నెలకు మించి నిలిచి, పనికీ నిద్రకూ అడ్డుపడుతుంటే మరో నిపుణుడి దగ్గర పరీక్ష చేయించుకోవాలి. ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆఘాతం వల్ల మారిన ఆలోచనలను, ప్రవర్తనను సరిచేసే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ బాధాకర జ్ఞాపకాల మీద పనిచేసే చికిత్స) వంటి పద్ధతులకు ఈ విషయంలో మంచి ఆధారాలు ఉన్నాయి. థెరపిస్టు థెరపీకి వెళ్లడం చిన్నతనమన్న భావన మన వృత్తిలో ఇంకా బలంగా ఉంది. అది చాలా మంచి మనుషులను ఈ వృత్తికి దూరం చేసిందని నా అభిప్రాయం.

మూడో బరువు మీ నాన్నగారి ఆరోగ్యం. అది జరిగిపోయిన ఘటన కాదు, జరుగుతూ ఉన్నది. రోగిని చూసుకునే కుటుంబ సభ్యురాలి అలసట అందులో ఉంది. మనిషి కళ్లెదుటే ఉండగానే మొదలయ్యే దుఃఖం కూడా ఉంది. దీన్ని ట్రామా చికిత్సతో తీర్చలేము. ఇంట్లో పని పంచుకునేవారు, ఆసుపత్రికి తోడు వెళ్లేవారు, కూతురిగా మీరు ఏడ్వడానికి ఒక చోటు కావాలి.

స్వయంగా కొలుచుకోవడానికి బెత్ స్టామ్ రూపొందించిన ప్రోక్వాల్ ప్రశ్నావళి ఉచితంగా దొరుకుతుంది. అందులో 30 ప్రశ్నలు ఉంటాయి, గత 30 రోజుల అనుభవాన్ని అడుగుతాయి. పనిలో తృప్తి, బర్నౌట్, వినడం వల్ల కలిగిన ఒత్తిడి అనే మూడింటికీ వేర్వేరు స్కోర్లు వస్తాయి. అది రోగనిర్ధారణ కాదు, దిక్సూచి మాత్రమే. తృప్తి స్కోరు బాగుండి మూడో స్కోరు మాత్రమే ఎక్కువగా ఉంటే, మీరు వృత్తి మారవలసిన మనిషి కాదని, కేసుల పంపిణీ మారాలని అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక పరిశోధన గురించి చెప్పాలి. 2006లో టెడ్ బోబర్, షెరిల్ రెగెర్ కెనడాలోని ఒంటారియోలో థెరపిస్టులను అధ్యయనం చేశారు. విశ్రాంతి, వినోదం, స్వీయ సంరక్షణ మేలు చేస్తాయని నమ్మినవారు కూడా చాలామంది వాటికి ప్రత్యేకంగా ఎక్కువ సమయం ఇవ్వడం లేదని, ఇచ్చిన సమయానికీ ఆఘాత లక్షణాల తీవ్రతకూ సంబంధం కనబడలేదని వారు గమనించారు. ఆఘాత లక్షణాలతో బలంగా ముడిపడినది, వారంలో ఆఘాత బాధితులతో గడిపే గంటల సంఖ్య. కాబట్టి ప్రాణాయామం ఆపవద్దు. కానీ అది పనిచేయడం లేదని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. గంటలు తగ్గించడమే అసలు పని.

డయాలిసిస్ కుటుంబాల విషయంలో నా సలహా ఇది. మీ నాన్నగారి స్థితికి బాగా దగ్గరగా ఉన్న కేసులను, అంటే అదే దశలో ఉన్న తండ్రి, అదే వయసు కూతురు ఉన్న కేసులను, కొంతకాలం మరొకరికి పంపించండి. వీడియో ద్వారా శ్రీకాకుళం నుంచో విశాఖపట్నం నుంచో చూసేవారు దొరుకుతారు.

జవాబు — సైకియాట్రిక్ సోషల్ వర్కర్

పై జవాబుతో చాలా వరకు ఏకీభవిస్తూనే, సంఘటన జరిగిన మొదటి రోజుల గురించి కొంత చేర్చాలనుకుంటున్నాను. 2023 అక్టోబరు 29 సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ ప్యాసింజరు పలాస ప్యాసింజరును వెనుక నుంచి ఢీకొట్టిన ప్రమాదం మనందరికీ తెలుసు. పద్నాలుగు మంది చనిపోయారు. ఆ రెండూ మన జిల్లాల ప్రజలు రోజూ ఎక్కే బండ్లు. ఆ తరువాత బాధిత కుటుంబాలతో మాట్లాడినవారిలో కొందరు అదే మార్గంలో ఉద్యోగానికి వెళ్లి వచ్చేవారు, కొందరి బంధువులు ఆ బండిలోనే ఉన్నారు. దూరం నుంచి వచ్చిన బృందాలు కొద్దిరోజుల్లో వెళ్లిపోతాయి. ఇక్కడివారు మాత్రం మర్నాడు అదే ప్లాట్‌ఫారం మీద నిలబడాలి. ఉమ్మడి ఆఘాతానికి ఇంతకంటే సరైన ఉదాహరణ నాకు తెలియదు.

ఇలాంటి సమయాల్లో నిర్వాహకులు మంచి ఉద్దేశంతోనే ఒక పని చేస్తుంటారు. సిబ్బందినంతా ఆ సాయంత్రమే కూర్చోబెట్టి, చూసినదంతా ఒకరి తరువాత ఒకరు చెప్పమంటారు. ఇది మేలు చేస్తుందని ఒకప్పుడు నమ్మేవారు. కానీ ఒకే సెషన్‌లో అందరిచేత బలవంతంగా చెప్పించే డీబ్రీఫింగ్ తరువాతి ఆఘాత లక్షణాలను ఆపదని పరిశోధనల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని సిఫారసు చేయడం లేదు. దాని బదులు 2011లో ఆ సంస్థ ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని మనకు సరిపోతుంది. చుట్టూ ఏం జరుగుతోందో చూడటం, చెప్పాలనుకున్నవారి మాట వినడం, కావలసిన సహాయానికి వారిని కలపడం, ఈ మూడే అందులోని పనులు. మనం దాన్ని బాధితులకు చేస్తాం కానీ సిబ్బందికి చేయము. భోజనం చేశారా, ఇంటికి ఫోన్ అందిందా, రాత్రి ఎక్కడ పడుకుంటారు అని మన తోటివారిని అడిగేవారు అవసరం. చెప్పడానికి ఇష్టపడనివారిని మౌనంగా ఉండనివ్వాలి.

అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి తుఫానుల కాలం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు రెండో వారంలోనే తీరం దాటాయి. వచ్చే కాలం తెలుసు కాబట్టి సెప్టెంబరులోనే కాగితం మీద ఒక ఏర్పాటు రాసుకోండి. హెచ్చరిక వస్తే మొదట మీ ఇల్లు, మీ నాన్నగారి డయాలిసిస్ సంగతి చూసుకోవాలి. దారులు మూసుకుపోకముందే ఆయనను సెంటరు ఉన్న ఊళ్లో బంధువుల ఇంటికి చేర్చవలసి రావచ్చు. ఇంటి సంగతి తేలేంతవరకు మీరు క్షేత్రానికి వెళ్లరని మీ సంస్థకు ముందే తెలియజేయండి. ఆ రోజుల్లో ఏ క్లయింటుకు ఎవరు ఫోన్ చేస్తారో పేర్లు రాసి ఉంచండి. మీరు అందుబాటులో లేనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అయిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చని, అక్కడ రాత్రీపగలూ తెలుగులో మాట్లాడేవారు ఉంటారని క్లయింట్లందరికీ ముందే చెప్పండి. ఆ నంబరు మీకు కూడా పనికొస్తుంది. కౌన్సెలర్ చేయకూడదని నియమం ఏమీ లేదు.

జవాబు — డయాలిసిస్ విభాగం నర్సు

నేను సైకాలజీ చదివినదాన్ని కాదు. డయాలిసిస్ విభాగంలో పనిచేస్తూ చూసినది మాత్రమే రాస్తున్నాను. పైన విజయనగరం వారు చెప్పినట్టు దగ్గరి పోలిక ఉన్న కేసులన్నింటినీ బయటికి పంపడం నాకు సమ్మతంగా లేదు. మా రోగుల కుటుంబాలు వీడియోలో కొత్త ముఖంతో నోరు విప్పరు. ఆ ఇళ్లలో చాలావాటికి విడిగా కూర్చుని మాట్లాడే గది ఉండదు, అత్తగారో పిల్లలో పక్కనే ఉంటారు. ఒక మనిషికి వారంలో రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటల చొప్పున యంత్రం పక్కన పడుకోవడం అంటే ఏమిటో, ఆ నాలుగు గంటలూ బయట బెంచీ మీద కూర్చున్న భార్యకు ఏమనిపిస్తుందో తెలిసిన కౌన్సెలర్ దొరకడం వారి అదృష్టం. ఆ తెలివిడిని వృథా చేయకండి.

కేసులను వదలడం కంటే రోజులను మార్చండి. మీ నాన్నగారికి డయాలిసిస్ ఉన్న రోజున డయాలిసిస్ కుటుంబాన్ని చూడకండి. ఆ రోజు బడి పిల్లల కేసులో, పెళ్లి తగాదాలో చూడండి, లేదా సెలవు పెట్టండి. మీ క్లయింటును, మీ నాన్నగారిని ఒకే సెంటరులో కలవవలసి వస్తే, అక్కడ మీరు కూతురు మాత్రమేనని, సెషన్ మాటలు అక్కడ మాట్లాడరని ముందే మృదువుగా చెప్పి ఉంచండి. మన ప్రాంతంలో మనుషులు ఇటువంటి మాటను అర్థం చేసుకుంటారు.

'మీ నాన్నగారికి ఎలాగుందమ్మా' అన్న ప్రశ్నకు మా దగ్గర మేము ఇచ్చే జవాబు ఒకటుంది. 'వైద్యం జరుగుతోందండి, ఆయనను చూసుకోవడానికి మావాళ్లు ఉన్నారు, ఈ గంట మీది' అంటాము. అది నిజం కావాలంటే ఆయనను చూసుకోవడానికి నిజంగానే మరొకరు ఉండాలి. మీ తోబుట్టువులు ఉంటే వారితో ముందు ఆ మాట తేల్చుకోండి. ఇంట్లో చదువుకున్న కూతురు ఉంటే ఆసుపత్రి పనంతా ఆమె మీదే పడటం నేను రోజూ చూస్తున్నాను.

ఉద్దానం కౌన్సెలర్

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. గుండెదడ నా సొంత గాయానిదన్న మాట చదివాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ రాత్రి గురించి ఎందరి మాటో విన్నాను, నా మాట ఎవరికీ చెప్పలేదు. ఉద్దానంతో సంబంధం లేని థెరపిస్టును వెతుక్కుంటాను. రోజులు మార్చడం వెంటనే చేయగలిగిన పని, అది చేస్తాను. అన్నయ్యతో మాట్లాడటం అంత సులభం కాదు, అయినా మాట్లాడతాను.

ఒక సందేహం మిగిలింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పనిచేసే మేము కొందరం నెలకోసారి ఆన్‌లైన్‌లో కలిసి కేసులు చర్చించుకుందామని అనుకుంటున్నాము. పేరు చెప్పకపోయినా మన ఊళ్లలో మనిషిని గుర్తుపట్టడం తేలిక కదా. గోప్యత ఎలా కాపాడాలి?

క్లినికల్ సైకాలజిస్టు, విజయనగరం

ముందుగా నర్సు గారి మాటకు. రోజులు మార్చే పద్ధతి నా సలహా కంటే ఆచరణకు దగ్గరగా ఉంది, దాన్నే మొదట ప్రయత్నించండి. అయితే నిద్ర పట్టని ఆ ముందురోజు రాత్రులు అప్పటికీ తగ్గకపోతే, కేసు బదిలీ గురించి మళ్లీ ఆలోచించండి. క్లయింటు మాట మనసుకు చేరని స్థితిలో కొనసాగితే నష్టపోయేది వారే.

గోప్యత గురించి మీ ఆందోళన సరైనది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను రోగి సమాచారాన్ని గోప్యంగా ఉంచే బాధ్యతను మన మీద పెట్టింది. పేరు తీసేస్తే సరిపోదు. జీడి పరిశ్రమలో పనిచేసే ముగ్గురు పిల్లల తల్లి, భర్తకు ఫలానా సెంటరులో డయాలిసిస్ అంటే పలాస, కాశీబుగ్గల్లో సగం మందికి ఎవరో తెలిసిపోతుంది. అందుకని ఊరు, వృత్తి, పిల్లల సంఖ్య, ఆసుపత్రి వదిలేయండి. చర్చకు అవసరమైన వివరాన్ని మాత్రమే ఉంచండి. ఏ జిల్లా కేసును ఆ జిల్లావారు లేని చిన్న జట్టులో చర్చించగలిగితే ఇంకా మంచిది. బృంద చర్చకు వివరాలు మార్చి తీసుకువెళ్తామని మొదటి సెషన్‌లోనే చెప్పి క్లయింటు సమ్మతి తీసుకోండి. రికార్డింగ్ వద్దు, వాట్సాప్ గ్రూపులో కేసు వివరాలు రాయవద్దు.

ఇంకొక మాట. ఆ సమావేశంలో సగం సమయం కేసులకు, సగం మీకు కేటాయించండి. ఆ కేసు విన్న రాత్రి మీకు ఏమైంది అన్న ప్రశ్న ప్రతి ఒక్కరినీ అడగాలి, జవాబు చెప్పడం వారి ఇష్టానికి వదిలేయాలి. కేసుల చర్చ మొదలైతే రెండో సగం ఎప్పుడూ మిగలదు కాబట్టి, మీ సగాన్నే ముందు పెట్టుకోండి. విజయనగరం వైపు నుంచి నేను చేరతాను. తేదీ నిర్ణయించి ఇక్కడే రాయండి.